టర్బో కవాటము - మన యువకుల మోజు

నేడు నరసరావుపేట వీథులలో ఏదేని కారు “తుస్సు” మని పోయినచో, విద్యార్థులు తల త్రిప్పి చూచుట పరిపాటియైనది. అది బ్లో-ఆఫ్ వాల్వు చేయు చప్పుడు. ఆ చప్పుడు కొరకే తండ్రులు మిర్చి అమ్మి తెచ్చిన సొమ్మును వెచ్చించుట అవివేకమని నా అభిప్రాయము.

1905లో స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ పేటెంటు పొందిన టర్బో, ఇంజను విడిచిన పొగ వేగముతో తిరిగి, గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. పెట్రోలు కారులో యాక్సిలరేటరు వదలగానే గాలిదారిలోని థ్రాటిల్ మూతపడును; టర్బో మాత్రము తిరుగుచునే యుండును. పోదారి లేని గాలి వెనుకకు తన్ని చక్రమును అదరగొట్టును. ఆ గాలికి ప్రక్కదారి చూపునదే ఈ కవాటము. ఇన్‌టేక్ మానిఫోల్డులోని వాక్యూము సన్నని గొట్టము ద్వారా లాగగా, స్ప్రింగు అణగి కవాటము తెరచుకొనును.

కిటుకంతయు స్ప్రింగు బిగువులోనే కలదు. మిక్కిలి వదులైనచో ఐడ్లింగులోనే తెరచుకొని, ఇంజను నిలకడ తప్పును. గాలిని బయటికి వదలు రకమైనచో వడకట్టని గాలితోపాటు పిడుగురాళ్ల సున్నపు ధూళియు లోనికి పోవును. మిక్కిలి బిగిసినచో తక్కువ ఒత్తిడికి తెరచుకొనక గాలి టపటప కొట్టుకొనును. కావున స్క్రూను ఒక్కొక్కమారు పావు చుట్టు మాత్రమే త్రిప్పి, ఖాళీ రోడ్డుపై నడిపి చూడవలెను. అంతకు ముందు రబ్బరు గొట్టమును పరీక్షింపవలెను. రెంటచింతల ఎండ నెరిగిన మనకు రబ్బరు పగులుటను గూర్చి వేరుగ చెప్పనేల? పగిలిన గొట్టముండగా స్ప్రింగు సవరించుట వృథా.

గాలిని కొలుచు సెన్సారున్న కార్లలో, కొలిచిన గాలిని బయటికి వదలినచో, కంప్యూటరు లేని గాలికి కూడ పెట్రోలు పోయును. బండి కుదుపులు పడి నల్లపొగ విడుచును. అందుకే అట్టి కార్లలో కంపెనీ కవాటము ఆ గాలిని టర్బో ముందరి గొట్టములోనికే మరల్చును. దానిని తీసివేసినవారే తరువాత “ఉస్తాద్, బండి ఆగిపోతోంది” అని షెడ్డుల చుట్టు తిరుగుదురు.

ఇంతకంటె విడ్డూరము మరియొకటి కలదు. డీజిలు ఇంజను శక్తిని అదుపుచేయునది ఇంధనమే గాని థ్రాటిల్ కాదు. మాచర్ల నాపరాళ్లు మోయు టర్బో లారీకి ఈ కవాటముతో పనిలేదు. అయినను డీజిలు కార్లకు కేవలము చప్పుడు చేయు పరికరములు అమర్చుకొనువారున్నారు!

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పాతసామాను కొట్టునుండి ఒక టర్బోను, కవాటమును తెప్పించి, ఊరి ఉస్తాదులను ఆహ్వానించి, మా ఎదుట విప్పించి చూపించుడు. వారి చేతివిద్య మా పాఠ్యపుస్తకములలో లేదు. వేసవి సెలవులకు ముందే ఒక పూట చాలును.