సీటు లెక్క ముందే వేసుకుందాం

నీట్ ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట ‘మావాడు క్వాలిఫై అయ్యాడు’. బంధువులకు ఫోన్లు, స్వీట్లు. కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి ఆ సంబరం దిగులుగా మారిపోతుంది. క్వాలిఫై కావడం వేరు, ఎంబీబీఎస్ సీటు రావడం వేరు. 2025లో దేశవ్యాప్తంగా 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు. 12 లక్షల మందికి పైగా అర్హత సాధించారు. సీట్లు మాత్రం ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలన్నీ కలిపినా సుమారు 1.2 లక్షలే. అంటే అర్హత పొందిన పదిమందిలో ఒక్కరికే సీటు. ఈ లెక్క ఫలితాల తర్వాత కాదు, పరీక్షకు ముందే ఇంట్లో వేసుకోవాలి.

ముందుగా మార్కుల భ్రమ వదిలించుకోండి. 2024లో సవరించిన ఫలితాల్లో కూడా 720కి 720 తెచ్చుకున్నవారు 17 మంది. మరుసటి ఏడాది పేపరు కఠినంగా రావడంతో దేశంలో మొదటి ర్యాంకు 686 మార్కులకే వచ్చింది. కాబట్టి ‘ఇన్ని మార్కులొస్తే సీటు ఖాయం’ అని ఎవరు చెప్పినా నమ్మకండి. చూడాల్సింది ర్యాంకు.

ఆ ర్యాంకును ఎవరితో పోల్చాలన్నది తర్వాతి ప్రశ్న. రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలినవి, ప్రైవేటు కాలేజీల్లోని కన్వీనర్ కోటా సీట్లు రాష్ట్ర కౌన్సెలింగ్‌లో నిండుతాయి. అక్కడ మీ పిల్లల పోటీ ప్రధానంగా తమ కేటగిరీలోని లోకల్ అభ్యర్థులతోనే. గత మూడేళ్లలో చివరి విడతలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూడండి. కాలేజీల వారీ కేటాయింపు జాబితాలను విజయవాడ ఎన్టీఆర్, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు విడుదల చేస్తాయి.

లోకల్ విషయంలో మరో జాగ్రత్త. తెలంగాణలో లోకల్ కావాలంటే సాధారణంగా తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు ఆ రాష్ట్రంలోనే చదవాలి. కొందరికి మినహాయింపులున్నా, ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. పేరున్న కాలేజీ అని హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపేముందు ఇది చూసుకోకపోతే, ఎంత బాగా చదివినా పిల్లలే నష్టపోతారు.

ఇక డబ్బు. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా ఫీజు వేలల్లో ఉంటే, బీ కేటగిరీ ఫీజు ఏడాదికి పది లక్షల పైమాటే. ‘ఎలాగోలా సర్దుదాం’ అనే మాట పిల్లల ముందు అనకండి. పొలమో, ఫ్లాటో అమ్మాల్సి వస్తే ఎంతవరకు వెళ్లగలరో భార్యాభర్తలు ముందే తేల్చుకోండి.

గ్రాండ్ టెస్టుల విషయానికొస్తే, చివరి ఆరింటిలో బాగా వచ్చిన ఒక్కదాన్ని పక్కనపెట్టి మిగతా అయిదింటి సగటు తీయండి. మీ బిడ్డ నిలకడ అదే. చివరి విడత ర్యాంకులకు దగ్గరగా ఉంటే, ఈసారి సీటు తప్పినా ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు అర్థముంది. దూరం ఎక్కువగా ఉండి, పిల్లలకూ ఆసక్తి తగ్గితే, ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనడం ఆశ కాదు, నిర్ణయాన్ని వాయిదా వేయడం. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. అందుకే ఆ పరిమితి ఇంట్లోనే పెట్టుకోవాలి. బైపీసీ పిల్లలు ఈఏపీసెట్ కూడా రాసి ఉంచితే ఫార్మసీ, అగ్రికల్చర్ దారులు తెరిచే ఉంటాయి. ఫిజియోథెరపీ, నర్సింగ్ కూడా రోగికి మేలు చేసే చదువులే.

ఈ లెక్క పిల్లలను కూర్చోబెట్టుకునే వేయండి. వాళ్లకు తమ పరిస్థితి మనకంటే ముందే తెలుసు. తెలిసి కూడా చెప్పలేకపోవడమే వాళ్లను కుంగదీస్తుంది. నిద్ర తగ్గినా, తిండి మానేసినా, హాస్టల్ నుంచి ఫోన్లో మాట్లాడటం తగ్గించినా తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. సీటు లెక్క చెప్పేది ఒక పోటీలో అవకాశం ఎంతన్నదే. మీ బిడ్డ విలువ ఎంతన్నది కాదు. ఈ మాట ఫలితాల రోజున ఓదార్పుగా కాకుండా, ఇవాళే చెప్పండి.