గొలుసు అరచిన ఉదయం

కోల్‌కతాలోని భవానీపూర్ నుండి పడమటి దిక్కుగా ఆదిగంగ వంతెన దాటి, ఆలీపూర్ మీదుగా సాగితే ఖిదిర్‌పూర్ రేవు వస్తుంది. 1890 దశకంలో తెరచిన ఆ రేవు పరిసరాలలో గిడ్డంగులు అనేకం. ఒకప్పుడు మూటలను మనిషి వీపు మోసిన చోట నేడు ఫోర్క్‌లిఫ్ట్ మోస్తున్నది. నేను భవానీపూర్‌లో బస చేసిన రోజులలో అటువంటి గిడ్డంగి ఒకటి చూడబోయాను. బండి నడిపే ఆయన శ్రీకాకుళం వాడు. ఆ ఉదయం ఆయన బండి ఎక్కలేదు.

"గొలుసు అరుస్తంది బాబూ. కాయితం మీద రాసిచ్చినాను. సూసిందాకా ఎక్కను" అన్నాడు.

బయట లారీలు బారులు తీరి ఉన్నవి. మేస్త్రీ విసుక్కుంటున్నాడు.

గొలుసు అరవడం చిన్న సంగతి కాదు. పైకి లేచిన బరువంతా దానిమీదనే వేలాడుతుంది. నూనె అందని గొలుసులో పిన్నులు, రేకులు ఒరసికొని, ఒక్కొక్క లంకె వెంట్రుకవాసి అరిగి, మొత్తం గొలుసు సాగినట్లు కనబడుతుంది. కొత్తలో 100 సెంటీమీటర్లున్న లంకెల వరుస 103కు చేరితే ఆ గొలుసును తీసివేయవలసినదే.

ఫోర్కుల సంగతి ఇంకా మోసకరమైనది. అడ్డకమ్మి నిలువుకమ్మితో కలిసే వంపును మడమ అంటారు. నేలకు ఒరసి ఒరసి 40 మిల్లీమీటర్ల మందం 36కు దిగితే చూపరికి ఏమీ తోచదు. పదోవంతు అరిగింది గదా, బలమూ పదోవంతే తగ్గి ఉంటుందనుకొంటాము. కాని వంగకుండా నిలిచే శక్తి మందం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది. ఇంచుమించు అయిదోవంతు బలం పోయినట్లే. ఆ ఫోర్కును మార్చవలెను. బీట కనబడితే వీధిలోని వెల్డింగు దుకాణానికి పంపడం ప్రాణాంతకం. ఆ వేడికి ఉక్కు పదును చెడిపోతుంది.

బ్రేకులు, టైర్లు, హారను, తెల్లవారి బండి కింద నేలమీద నూనె చుక్కలు: ఇవి ప్రతి పూటా చూడవలసినవే. బ్యాటరీ ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్ గాలిలో నూటికి నాలుగు పాళ్ళున్నా నిప్పురవ్వకు అంటుకొంటుంది. అక్కడ బీడీ కూడదు, కిటికీ మూయకూడదు.

ఎత్తే యంత్రాలను, గొలుసులను కనీసం 12 నెలలకొకసారి సమర్థుడైన నిపుణుడు పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విధించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో రేవుపనులపై ఆమోదించిన ఒడంబడికలోనూ అదే గడువు. ఆ రెండు పరీక్షల నడుమ ఉన్న రోజులన్నీ నడిపేవాని కంటిమీద, చెవిమీద ఆధారపడినవి. అతనికి "ఎక్కను" అనే హక్కు లేనినాడు ఆ కన్నూ చెవీ ఉండి ప్రయోజనమేమి?

అక్కడి తనిఖీ పుస్తకం తిరగవేశాను. నెలల తరబడి ఒకే చేతివ్రాత, ఒకే సిరా, "అన్నీ సరిగా ఉన్నవి" అని. అంత ఆరోగ్యం మనుష్యులలోనే అరుదు!

మధ్యాహ్నం దాటాక మెకానిక్ వచ్చి టేపు పట్టాడు. 103 దాటి మరి రెండు గీతలు. కొత్త గొలుసు నిలవలో లేదు. లారీలు ఆగవు కనుక మూటలను కూలీలు వీపులమీదనే మోసి ఎక్కించారు. తలగుడ్డ బిగించి శ్రీకాకుళం ఆయన కూడా ఆ వరుసలో నిలిచాడు.