మంద్రస్వరము – దానిని మోయు పెట్టె

"ఆడలేక మద్దెల ఓడు" అను సామెత మన తెలుగునాట బడిపిల్లలకును తెలిసినదే. తన చేతకానితనమును వాద్యముపై నెట్టువానిని చూచి లోకులు నవ్వుటకు పుట్టిన మాట యిది. ఐతే ఒక్కొక్కప్పుడు మద్దెల నిజముగనే ఓడై యుండును. అప్పుడు దోషమెవ్వరిది? వాయించినవానిదా, చేసినవానిదా, మోసికొని వచ్చినవానిదా, లేక సభ కూడకమునుపు దానిని ఒక్కమారైన తట్టి చూడనివానిదా? ఈ ప్రశ్నను బేస్ గిటారునకు తోడుగా నుండు ఆంప్లిఫయరు, స్పీకరు పెట్టెల విషయమున మేమిచ్చట విచారింప దలచితిమి.

ఈ విషయము పాఠశాల పత్రికకు తగునా యని కొందరు తలిదండ్రులు సంశయింపవచ్చును. గిటారు చేపట్టిన విద్యార్థులు నేడు అరుదు కారు. పండుగలకును, పెండ్లిండ్లకును, వార్షికోత్సవములకును అద్దెపెట్టెలతో ఆర్కెస్ట్రాలు వచ్చుట మన యూళ్లలో మామూలైనది. ఆ పెట్టెల చెంత నిలుచువారు మన పిల్లలే. మా అభిప్రాయమును ముందుగనే తెలిపెదము. ఈ పెట్టెల వలన సంగీతకారులు పడిన అవస్థలలో విధివశమున వచ్చినవి కొలది. తెలియమి వలనను, ఉపేక్ష వలనను వచ్చినవే పెక్కు. కావున స్వరము నేర్పువారు ఆ స్వరమును మోయు పెట్టెను గూర్చియు నేర్పవలయును.

అవస్థలన్నియు బేస్ వాయించువానికే ఏల ఎక్కువగ కలుగుచున్నవో మొదట తెలిసికొందము. నాలుగు తీగల బేస్ గిటారులో మిక్కిలి లావైన తీగ సెకండునకు సుమారు 41 మారులు కంపించును. ఆ ధ్వనితరంగము గాలిలో 8 మీటర్లకు మించిన పొడవు కలది. అంతటి తరంగమును పుట్టించుటకు స్పీకరు గాలిని బలముగా నెట్టవలయును. స్వరము ఒక స్థాయి దిగినకొలది, అదే బిగువు నిలుపుటకు స్పీకరు కాగితపు గిన్నె ముందువెనుకలకు నాలుగింతలు కదలవలయును. అంతేకాక మన చెవి మంద్రస్వరములను మధ్యస్వరములంత సులభముగా గ్రహింపదు. స్పీకరు ముందు వెలువడు తరంగమును వెనుక వెలువడు తరంగము కలిసికొని హరింపకుండుటకై పెట్టెయు కావలయును. ఇట్లు పెద్ద శక్తి, పెద్ద స్పీకరు, పెద్ద పెట్టె అను మూడు భారములును మంద్రస్వరమునకు పుట్టుకతో వచ్చినవే.

అమెరికాలో లియో ఫెండరు 1951లో తన ప్రెసిషన్ బేస్ గిటారును విక్రయమునకు తెచ్చి, మరుసటి యేడు దాని కొరకు బాస్‌మన్ అను ఆంప్లిఫయరును వెలువరించెను. మనిషియంత ఎత్తు గల డబుల్ బేస్‌ను మోసికొని తిరుగు కష్టము దీనితో తీరినదని వాద్యకారులు సంతసించిరి. తీగల పెట్టె చిన్నదైనది నిజమే. కాని ఆ భారము స్పీకరు పెట్టెలోనికి మారినది.

పెట్టె చెడ్డదైనచో నేర్పరి సయితము ఎట్లు చిక్కున పడునో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. 1962వ సంవత్సరము జూన్ 6వ తేదీన బీటిల్స్ అను లివర్‌పూల్ యువకులు నలుగురు లండనులోని ఈ.ఎం.ఐ. స్టూడియోకు పరీక్షార్థము వచ్చిరి. వారిలో పాల్ మెకార్ట్నీ బేస్ వాయించువాడు. అతని ఆంప్లిఫయరు చేయు రొద మైక్రోఫోనుల కెదుట భరింపరాని దయ్యెను. అంతట నార్మన్ స్మిత్, కెన్ టౌన్‌సెండ్ అను ఇంజనీరులు స్టూడియోలోని ప్రతిధ్వని గది నుండి పెద్ద టానోయ్ స్పీకరు నొకదానిని మోసికొని వచ్చి, వేరొక ఆంప్లిఫయరునకు దానిని తగిలించి పని నడపిరి. గడగడలాడుచున్న జాన్ లెనన్ ఆంప్లిఫయరును దారముతో కట్టవలసి వచ్చెను. అదే యేడు అక్టోబరు 5వ తేదీన ఆ సంస్థ ద్వారా వారి తొలి పాట వెలువడి, వారి కీర్తికి నాంది యయ్యెను. ఆనాడు ఆ ఇంజనీరులు "మీ పెట్టె ఓడు, పొం"డని పంపివేసి యున్నచో ఏమగునో ఎవ్వరు చెప్పగలరు? పనివాని తెలివి వాద్యకారుని కాపాడినది. అట్టి పనివాడు ప్రతి సభకును దొరకడు.

ఇక బరువు మాట. ఇంగ్లండులో ది హూ అను బృందమునకు చెందిన పీట్ టౌన్‌షెండ్ 1965లో జిమ్ మార్షల్ అను తయారీదారుని చెంతకు పోయి, 12 అంగుళముల స్పీకరులు ఎనిమిది గల పెట్టె నొకదానిని చేయించుకొనెను. దానిని ఎత్తి దింపువారు మోయలేక మొర పెట్టుకొనిరి. తుదకు నాలుగేసి స్పీకరుల పెట్టెలు రెండు చేసి ఒకదానిపై నొకటి నిలుపుట ఆచారమయ్యెను. అమెరికాలో ఆంపెగ్ సంస్థ 1969లో వెలువరించిన ఎస్.వి.టి. అను బేస్ ఆంప్లిఫయరు 14 వాల్వులతో 300 వాట్ల శక్తి కలది. స్పీకరులు లేకయే అది సుమారు 38 కిలోలు తూగును. దాని వెంట నిలుచు ఎనిమిది స్పీకరుల పెట్టెలలో నేడు ప్రసిద్ధమైన మాదిరి 63 కిలోలు. మెట్లపై దీనిని ఒంటరిగా ఎక్కింప జూచిన బేస్ వాద్యకారుని నడుమునకు ఏమగునో వైద్యుడు చెప్పనక్కర లేదు.

అన్నిటికంటె పెద్ద పాఠము గ్రేట్‌ఫుల్ డెడ్ అను అమెరికా బృందము నేర్పినది. శుద్ధమైన శబ్దము కావలయునను పట్టుదలతో వారు 1974లో ఒక శబ్దకుడ్యమునే కట్టిరి. దాని బరువు సుమారు 75 టన్నులు. దానిలోని స్పీకరులు ఆరువందలకు దాపు. బేస్ వాయించు ఫిల్ లెష్ గిటారులో ఒక్కొక్క తీగ ధ్వని ఒక్కొక్క వరుస స్పీకరులలో వేరుగా పలుకునట్లు ఏర్పాటు కలదు. వినినవారు దాని స్పష్టతను నేటికిని మెచ్చుకొందురు. కాని దానిని ఊరూరికి లారీలపై చేర్చి, నిలిపి, విప్పుట కగు వ్యయమును బృందము భరింపలేకపోయెను. ఆ యేడు అక్టోబరు నెలతోనే ఆ గోడకు సెలవు చెప్పిరి. శబ్దమున కేలోపమును లేదు; మోయువాని భుజమును, చెల్లించువాని సంచియు చాలకపోయినవి. వాద్యమును ఎన్నుకొనువాడు సభలో వినిపించు శబ్దమును మాత్రమే గాక, సభ ముగిసిన పిమ్మట దానిని ఇంటికి చేర్చువానిని గూడ తలపోయవలయునని దీని భావము.

భారము భుజమునకే గాక చెవికిని కలదు. మునుపు చెప్పిన ది హూ బృందమున బేస్ వాయించిన జాన్ ఎంట్విసిల్ పెద్ద పెట్టెల యెదుట ఏండ్లకొలది నిలిచి, తుదకు వినికిడి చాల కోల్పోయెను. ఆ బృందము 1976 మే 31వ తేదీన లండనులోని చార్ల్‌టన్ మైదానమున చేసిన కచేరీలో, స్పీకరులకు 32 మీటర్ల దూరమున 126 డెసిబెలుల శబ్దము నమోదైనది. గిన్నెస్ గ్రంథమువారు దీనిని ప్రపంచమున అన్నిటికంటె బిగ్గరయైన కచేరీగ ప్రకటించిరి. తరువాతి కాలమున వారే, చెవులకు హానిచేయు పోటీని ప్రోత్సహింపరాదని, అట్టి రికార్డులను ప్రకటించుట మానివేసిరి. 85 డెసిబెలుల శబ్దము నడుమ దినమునకు ఎనిమిది గంటలు మించి ఉండరాదని ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ప్రతి మూడు డెసిబెలులకును ఆ కాలము సగమగును. లెక్క వేసి చూచినచో 100 డెసిబెలుల చెంత పావుగంటయే మిగులును. మన ఊరేగింపులలో స్పీకరు పెట్టె కెదురుగా పసిబిడ్డను భుజముపై నెత్తుకొని నిలుచు తండ్రులు ఈ లెక్కను గమనింతురు గాక.

అన్నిటికంటె ఘోరమైన అనుభవములు విద్యుత్తు వలన కలిగినవి. 1965 డిసెంబరు 3వ తేదీన అమెరికాలోని శాక్రమెంటో నగరమున రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ గిటారు మైక్రోఫోను స్తంభమును తాకగా, అతడు స్పృహ తప్పి పడిపోయెను. పాదరక్షల రబ్బరు అడుగులే అతనిని కాపాడినవని చెప్పుదురు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవమున, వాన తడిసిన వేదికపై, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందపు బాబ్ వీర్ మైక్రోఫోనును తాకినప్పుడెల్ల దెబ్బ తినెను. 1976 డిసెంబరులో ఫ్లారిడా రాష్ట్రమున ఏస్ ఫ్రేలీ అను గిటారువాద్యకారుడు ఎర్తు లేని ఇనుప కమ్మిని పట్టుకొని చావు తప్పించుకొనెను. 1972 మే 3వ తేదీన వేల్స్ దేశపు స్వాన్సీ నగరమున లెస్ హార్వే అను యువకునకు ఆ భాగ్యము కలుగలేదు. ఒక చేతిలో గిటారు తీగలుండగా, ఎర్తు సరిగా లేని మైక్రోఫోనును మరియొక చేతితో తాకి, ప్రేక్షకుల కన్నుల యెదుటనే ప్రాణము విడిచెను.

విద్యార్థులారా, ఇది ఎట్లు జరుగునో జాగ్రత్తగా గ్రహింపుడు. గిటారు తీగలు లోపలి తీగ ద్వారా ఆంప్లిఫయరు ఇనుపపెట్టెతో కలిసియుండును. ఆ పెట్టెకు ఎర్తు తీగ సరిగా నున్నంతవరకు తీగలు నిరపాయములు. ఎర్తు తెగి, లోపల ఎచ్చటనో కరెంటు తీగ పెట్టెను తాకినదా, వాద్యకారుని వ్రేళ్ల క్రింది తీగలకే 230 వోల్టులు ఎక్కును. అతడు పాడుటకు పెదవిని మైక్రోఫోనున కానించినంతనే, ఆ విద్యుత్తు అతని దేహము గుండ గుండెకు దారి చేసికొనును. మన ప్లగ్గులలో మూడవ పిన్ను లావుగను, పొడవుగను ఉండుట అలంకారము కొరకు కాదు. మిగిలిన రెంటికంటె ముందుగ ఎర్తు తగులవలయుననియే అట్లు చేసిరి. ఆ పిన్నును విరిచివేసినవారిని, ప్లగ్గే లేక రెండు తీగలను సాకెట్టులో గ్రుచ్చి అగ్గిపుల్లలతో బిగించినవారిని మనము పందిళ్లలో చూచుచునే యున్నాము. అగ్గిపుల్లకు వెల లేదు. అది నిలిపిన తీగ తీసికొనిపోవు ప్రాణమునకు వెల కట్టువా రెవ్వరు?

"సంగీతకారుని పని పాట, పెట్టె సంగతి అద్దెవాడు చూచుకొనును" అని కొందరు వాదింతురు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. ప్రతి గాయకుడును ఎలక్ట్రీషియను కానక్కర లేదు. కాని మన మృదంగ విద్వాంసుని చూడుడు. సభకు ముందు ఎడమ మూతకు తానే రవ్వముద్దను పూసి, మంద్రనాదము కుదురు వరకు తట్టి చూచుకొనును. కుడి మూతను రాతితో కొట్టి శ్రుతి చేసికొనును. ఆ పనిని ఆయన పందిరివానికి విడిచిపెట్టడు. తోలువాద్యమునకు చూపు శ్రద్ధలో పదవవంతు విద్యుద్వాద్యమునకు చూపుట భారమగునా? మృదంగము శ్రుతి తప్పినచో చెవికే బాధ. ఆంప్లిఫయరునకు ఎర్తు తప్పినచో ప్రాణమునకే ముప్పు.

కావున గిటారు నేర్పు గురువులు మొదటి నెలలోనే నాలుగు సంగతులను గూడ నేర్పవలెనని మా మనవి. మొదటిది, ఎర్తు లేని సాకెట్టుపై వాయింపకుండుట, సర్క్యూటున లీకేజిని పసిగట్టి విద్యుత్తును తెంచు బ్రేకరు గలదా యని అడుగుట, తడినేలపై నిలువకుండుట. రెండవది, పెట్టెకును ఆంప్లిఫయరునకును పొత్తు చూచుట. 8 ఓముల పెట్టెలు రెండు సమాంతరముగా కలిపినచో 4 ఓములగునని భౌతికశాస్త్ర పుస్తకమున చదివి పరీక్షలో వ్రాయు విద్యార్థి, దానిని వేదికపై మరచి ఆంప్లిఫయరును కాల్చుట తగదు. వాల్వుల ఆంప్లిఫయరును స్పీకరు తగిలింపక మ్రోగింపరాదు. మూడవది, బరువును ఇద్దరు కలిసి ఎత్తుట. నేడు రెండు మూడు కిలోలకే వందల వాట్ల బేస్ ఆంప్లిఫయరులు దొరకుచుండగా, ఆడంబరమునకై కొండంత పెట్టెలను కోరకుండుట. నాలుగవది, చెవిని కాపాడుకొనుట. పోయిన పెట్టెను మరల కొనవచ్చును. పోయిన వినికిడి ఏ అంగడిలోను దొరకదు.

తలిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు గిటారు కావలెనని మారాము చేసినప్పుడు, దాని వెలతోపాటు ఇంటిలో ఎర్తు సరిచేయించు ఖర్చును గూడ లెక్కలో చేర్చుడు. పాఠశాలల పెద్దలకును ఒక మనవి. వార్షికోత్సవమునకు పెట్టెలు తెచ్చు అద్దెవానితో బేరమాడునప్పుడు వంద రూపాయలు తగ్గించుటకంటె, మూడు పిన్నుల ప్లగ్గులు కలవా యని అడుగుట మేలు.

మంద్రస్వరము సంగీతమునకు పునాది వంటిది. ఇల్లు చూచినవారు పునాదిని చూడరు. పాట విన్నవారు బేస్‌ను ప్రత్యేకముగ గుర్తింపరు. పునాది బాగోగులు కట్టువాడే చూచుకొనవలయును. ఇక మీదట మన విద్యార్థి యెవ్వడైన "పెట్టె ఓ"డనినచో, అది సభ నడుమ చెప్పిన సాకుగా గాక, సభకు ముందే తట్టి చూచి చెప్పిన మాటగా ఉండవలెనని మా కోరిక.