గుంటలు, సెంట్లు, మధ్యలో సర్వేయరు

మా ఇంట్లో భూమికి మూడు లెక్కలున్నాయి. నాన్న గుంటల్లో మాట్లాడతారు, అమ్మ సెంట్లలో, మా అన్న అడుగుల్లో. నాన్నది హొసకోటె వైపు కన్నడ ఇల్లు. అమ్మది మదనపల్లె దగ్గర పల్లె. అన్న కాడుగోడిలోనే పుట్టాడు, వాడికి తెలిసిన భూమి అంటే ముప్పై బై నలభై సైటే. నలభై గుంటలు ఒక ఎకరం, నూరు సెంట్లు ఒక ఎకరం. అంటే గుంటకి రెండున్నర సెంట్లు, 1089 చదరపు అడుగులు. మా అన్న కలలుకనే సైటుకి ఇంకా 111 అడుగులు తక్కువ. ఇదంతా నాకు ఈ సంవత్సరం దాకా తెలీదు. అజ్జి పొలం గొడవ వచ్చాక నేర్చుకోవాల్సి వచ్చింది.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్తే అజ్జి వాకిట్లో కూచుని "కల్లు హోయ్తు, నమ్మ కల్లు హోయ్తు" అని ఏడుస్తోంది. కన్నడలో కల్లు అంటే రాయి. (అమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఈ మాట విని, ఈ ఇంట్లో కల్లు తాగుతారు కాబోలు అని హడలిపోయిందట. అది వేరే కథ.) ఇప్పుడు పోయింది హద్దురాయి. పక్క పొలం ఎవరో కొన్నారు, లేఅవుట్ వేస్తున్నారు. జేసీబీ వచ్చి నేల చదును చేసింది, ఆ చదునులో మా రాయి కూడా పోయింది. వారం తిరిగేసరికి కాంపౌండు గోడ లేచింది. అజ్జి లెక్కలో గోడ మావైపు ఏడడుగులు వచ్చేసింది. వాళ్ళ లెక్కలో అసలు రానేలేదు.

దొడ్డప్ప హద్దుబస్తుకి అర్జీ పెట్టారు. డబ్బు కట్టిన చాలా వారాలకి సర్వేయరు వచ్చారు. ఆ రోజు శనివారం, నేను కూడా ఉన్నాను.

యాభై దాటిన మనిషి. పొడుగాటి కర్ర తెచ్చారు, దాని నెత్తిన పుట్టగొడుగులాంటి పరికరం. రోవర్ అంటారట. ఉపగ్రహాల నుంచీ, ఒకేచోట స్థిరంగా ఉండే స్టేషన్ల నుంచీ సంకేతాలు తీసుకుని, తానెక్కడ నిలబడిందో రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో చెప్పేస్తుంది. అరగంటలో పొలం చుట్టూ తిరిగేశారు. అయిపోయింది, ఇంక కాఫీ తాగి వెళ్తారు అనుకున్నా.

అప్పుడు మొదలైంది అసలు పని. ఆయన సంచిలోంచి టిప్పణి జెరాక్సు తీసి చెట్టు కింద కూచున్నారు. టిప్పణి అంటే పాత సర్వేవాళ్ళు ప్రతి నంబరుకీ పొలం బొమ్మ గీసి, గొలుసుతో కొలిచిన లెక్కలు రాసిపెట్టిన చీటీ. పాత మైసూరులో గొలుసు 33 అడుగులు. దాన్ని రూపాయిలాగా పదహారు అణాలు చేశారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. అణా అంటే రెండడుగుల పైచిలుకు. ఒక చేతిలో సెంటీమీటర్లు చెప్పే యంత్రం, ఇంకో చేతిలో అణాలు చెప్పే కాగితం. రెండింటినీ కలపాలి. ఆ కలపడం యంత్రానికి రాదు.

ఆయన గంటసేపు అజ్జిని అడుగుతూనే ఉన్నారు. చింతచెట్టు ఎక్కడుండేది? పాత బావి పూడ్చింది ఎప్పుడు? వానొస్తే నీళ్ళు ఎటు పారేవి? అజ్జి నడిచి చూపించింది. తర్వాత పక్కవాళ్ళ పనిమనిషిని పిలిపించి అవే ప్రశ్నలు అడిగారు. మాకు అది నచ్చలేదు, మా డబ్బుతో వచ్చి వాళ్ళని అడుగుతాడేమిటి అని దొడ్డప్ప గొణిగారు. ఆయన విన్నారు గానీ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఓపిగ్గా చెప్పారు. సర్వేయరు కొత్త హద్దు పెట్టకూడదంట. మొదట వేసిన హద్దు ఎక్కడుందో వెతికి మళ్ళీ అక్కడే పెట్టాలంట. పాత రాయి దొరికితే కాగితం మీద అంకె తప్పయినా రాయిదే మాట. రాయి లేకపోతే గట్టు, చెట్టు, మనుషుల జ్ఞాపకం.

చివరికి గోడ మావైపు నాలుగున్నర అడుగులు వచ్చిందని తేల్చారు. ఏడు అన్న అజ్జికీ కోపం, సున్నా అన్న పక్కవాళ్ళకీ కోపం. వాళ్ళు సంతకం పెట్టలేదు.

ఆయన లైసెన్సుడ్ సర్వేయరు. ప్రభుత్వ సర్వేయర్లు చాలకపోవడంతో కర్ణాటకలో బయటివాళ్ళకి లైసెన్సు ఇచ్చి పని చేయిస్తున్నారు. వీళ్ళకి నెల జీతం లేదు, ఫైలు లెక్కన డబ్బు. పొలంలో కొంత భాగం అమ్మాలన్నా పంచుకోవాలన్నా కావలసిన లెవెన్ ఈ స్కెచ్ కూడా ఎక్కువగా వీళ్ళే గీస్తారు. "ఇలా గంటలు గంటలు ముసలివాళ్ళ మాటలు వింటూ కూచుంటే నా ఇల్లు గడవదమ్మా" అని నవ్వుతూ అన్నారు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నవ్వే.

భూమి కొలతలో ఇప్పుడు కొత్త యంత్రాలకి కొదవ లేదు. డ్రోన్ వచ్చింది, రోవర్ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద ఉన్న పాత ఆంక్షలు చాలావరకు తీసేసింది. అదే సంవత్సరం డ్రోన్ నిబంధనలు కూడా సడలించింది. మంచిదే. గొలుసు లాగి పట్టడంలో, వదులుగా పట్టడంలో ఎంత లంచం దాగేదో మా తాతల కాలం వాళ్ళని అడగండి. యంత్రానికి చేయి తడపలేం. కానీ కొలవడానికి పెట్టే ఖర్చులో పదోవంతైనా పాత కాగితం చదివే మనిషి మీద, ఇద్దరు పొరుగువాళ్ళ మాట వినే గంట మీద పెడుతున్నామా? ఆ గంటకి బిల్లు లేదు. నా అభిప్రాయంలో ఈ వృత్తికి ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. డ్రోన్ వచ్చి సర్వేయర్ని ఇంటికి పంపడం కంటే, సర్వేయరే డ్రోన్‌లాగా పైనుంచి చూసి వెళ్ళిపోవడం ఎక్కువ భయం.

మన ఊరి సంగతే చూడండి. దిశాంక్ అని కర్ణాటక ప్రభుత్వ యాప్ ఉంది. ఎక్కడ నిలబడితే అక్కడి సర్వే నంబరు చూపిస్తుంది. మెట్రో దిగి బస్సు కోసం నిలబడినప్పుడు నేను అది తెరిచి చూస్తుంటాను (నా ఫ్రెండ్స్‌కి ఇది పిచ్చి). కాడుగోడి ప్లాంటేషన్ సర్వే నంబరు ఒకటి గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. 711 ఎకరాలు, 1896లో అడవిగా ప్రకటించారు. 2025 జూన్‌లో అటవీశాఖ అందులో 120 ఎకరాలు స్వాధీనం చేసుకుంది. నాలుగు వేల కోట్ల పైచిలుకు విలువని రాశారు. అదే నేల మీద దిన్నూరు దళిత రైతులు మాది, మా పెద్దవాళ్ళకి 1950లో ప్రభుత్వమే ఇచ్చింది అంటున్నారు. ఒకే నంబరు, రెండు కాగితాలు. ఎన్ని రోవర్లు తెచ్చి నిలబెట్టినా అవి హద్దు ఎక్కడుందో చెబుతాయి, ఆ రెండు కాగితాల్లో ఏది చెల్లుతుందో చెప్పవు. (కాడు అంటే కన్నడలో అడవి, తెలుగులో వల్లకాడు గుర్తొస్తుంది. మన ఊరి పేరు వినగానే మా అమ్మమ్మ ఇప్పటికీ ముఖం చిట్లిస్తుంది.)

అమ్మమ్మ అంటే గుర్తొచ్చింది, అమ్మవాళ్ళ వైపు కూడా ఇదే గొడవ, ఇంకో రకంగా. ఆంధ్రలో 2020 డిసెంబరు 21న రీసర్వే మొదలుపెట్టారు. బ్రిటిష్‌వాళ్ళ కాలం తర్వాత మొత్తం రాష్ట్రాన్ని మళ్ళీ కొలవడం అదే మొదటిసారి. డ్రోన్ ఎగరేసి బొమ్మ తీశారు, రోవర్లతో సరిచూశారు, పాత సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం నంబర్లు ఇచ్చారు. ఎన్నికల్లో మాత్రం గొడవంతా పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ ఉంది, రాయి మీద ఎవరి పేరు ఉంది అన్నదాని చుట్టూ తిరిగింది. భూహక్కు చట్టాన్ని 2024లో రద్దు కూడా చేశారు. మా మామయ్య బాధ వేరే. కొత్త లెక్కలో ఆయనకి ఆరు సెంట్లు తగ్గాయి. ఆ రోజు ఆయన పక్క ఊరికి పెళ్ళికి వెళ్ళారు, పొలం దగ్గర లేరు.

ఆయన కోపం ఎవరి మీద చూపించాడు? సచివాలయంలో ఉండే సర్వేయరమ్మాయి మీద. 2019లో ఆంధ్రలో పదకొండు వేలకి పైగా గ్రామ సర్వేయర్ల ఉద్యోగాలు ప్రకటించినప్పుడు వచ్చిన పిల్ల. "యంత్రం అట్ల చూపిస్తా ఉంది పెదనాన్నా" అంటుంది ఆమె. "అయితే నా ఆరు సెంట్లు యాడికి బోయినాయో ఆ యంత్రాన్నే అడుగు" అంటాడు ఈయన. నేను ఎండాకాలం సెలవుల్లో ఆ అమ్మాయితో మాట్లాడాను. రోజంతా ఎండలో, చుట్టుపక్కల బాత్రూం ఉండదు, తిట్లు మాత్రం ఉంటాయి. పాత ఎఫ్ఎంబీ పుస్తకంలో గుర్తులు చదవడం ఎవరు నేర్పారని అడిగాను. రోవర్ వాడటం ట్రైనింగ్‌లో నేర్పారట. ఎఫ్ఎంబీ బాగా చదవడం మాత్రం రిటైరైన ఒక సర్వేయరు ఇంటికెళ్ళి కూచుని నేర్చుకుందట. 1984లో కరణాల వ్యవస్థ తీసేశారు. అది ఉండాలని నేననను, ఊరి లెక్కలన్నీ ఒక్క ఇంటి గుప్పిట్లో ఉండటం మంచిది కాదు. కానీ వాళ్ళకి తెలిసిన చదువు ఎవరి చేతికి వచ్చింది?

తెలంగాణలో 2025 భూభారతి చట్టం తర్వాత రిజిస్ట్రేషన్‌కి కూడా మ్యాపు కావాలంటున్నారు, దానికోసం వేలమందిని లైసెన్సుడ్ సర్వేయర్లుగా తయారుచేస్తున్నారు. అక్కడి పాత కాగితాల్లో ఉర్దూ కూడా ఉంటుంది. సేత్వార్, పహాణీ, ఖరాబు లాంటి మాటలు తెలియకుండా అక్కడ ఒక్క అడుగు వేయలేరు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో కూడా సర్వేయర్లు ముసలివాళ్ళవుతున్నారు, కుర్రవాళ్ళు రావడం లేదని గోల. యంత్రాలు కొనడానికి డబ్బున్న దేశాల్లోనే అలా ఉంది.

ఇది తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఎందుకని మీరు అడగొచ్చు. మనం క్లాసులో కైఫీయతులు చదివాం కదా. కాలిన్ మెకంజీ ఎవరు? సర్వేయరు. 1799లో టిప్పు పడిపోయాక మైసూరు రాజ్యాన్ని కొలవడానికి వచ్చాడు. ఆయన వెంట ఉన్నది మనవాళ్ళు, కావలి వెంకట బొర్రయ్య. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఊరూరా తిరిగి గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఈ పొలం ఎవరికి ఎవరిచ్చారు అని అడిగి రాయించుకున్నారు. 1800లోనే లాంబ్టన్ కూడా మన బెంగళూరులో ఏడు మైళ్ళకి పైగా పొడవున్న గీత ఒకటి కొలిచాడు, తర్వాత దేశమంతా కొలిచిన పెద్ద సర్వేకి అది రిహార్సల్ లాంటిది. లాంబ్టన్ కోణాలు కొలిచాడు, బొర్రయ్య మనుషుల్ని అడిగాడు. కంపెనీవాళ్ళకి కావలసింది శిస్తు, అందులో సందేహం లేదు. అయినా కొలతా మాటా రెండూ కావాలని ఆ రోజుల్లో వాళ్ళకైనా తెలుసు.

ఇప్పుడు సర్వేయరు కావాలంటే లెక్కలు, సివిల్ డిప్లొమా, సర్వే ఐటీఐ లాంటివి అడుగుతారు. సరే, లెక్కలు రాకుండా కొలవమని ఎవరూ అనరు. కానీ సగం పని చదవడం, వినడం, రాయడం అయినప్పుడు బీఏ పిల్లలకి అందులో ఏ తలుపూ ఎందుకు లేదు? పాత భూమి కాగితాలు చదవడం మీద ఒక పేపర్ పెట్టొచ్చు. మన బెంగళూరులో కన్నడ, తెలుగు రెండూ వచ్చిన అమ్మాయిలు క్లాసుకి పదిమంది ఉంటారు. ముళబాగిలు, చింతామణి, హొసకోటె వైపు ఊళ్ళలో ఒకే గట్టుకి ఈ పక్క ఒక భాష, ఆ పక్క ఇంకో భాష. అక్కడ పనికొచ్చేది ఇలాంటి పిల్లలే. ప్రతి సర్వే బృందంలో కాగితం చదివే మనిషిని ఒకరిని జీతమిచ్చి పెట్టాలి, ఇద్దరి మాటా విన్న గంటకి కూడా ఫీజు ఇవ్వాలి, ఇద్దరూ లేకుండా కొలిచింది చెల్లకూడదు. ఇదీ నా అభిప్రాయం.

మా అన్న నవ్వుతాడు. పాత రాతలు కూడా రేపు ఏఐ చదివేస్తుందంటాడు. చదవనీ, సంతోషమే. పక్కవాళ్ళ పనిమనిషి చింతచెట్టు గురించి నిజం చెబుతున్నాడా, యజమానికి భయపడి చెబుతున్నాడా అన్నది ఆ సర్వేయరు అతని ముఖం చూసి పట్టుకున్నారు. పట్టుకుని కూడా కోప్పడకుండా ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. అది నేను కళ్ళారా చూశాను.

మా అప్పీలు వచ్చే నెల విచారణకి వస్తుంది. ఆ రోజు నాకు ఇంటర్నల్స్ ఉన్నాయి, మేడమ్‌ని అడగాలి. అజ్జి టిప్పణి కాగితం నా బ్యాగులో పెట్టింది, ఆఫీసులో గట్టిగా చదివి వినిపించమంది. మొదటి రెండు వరసలు వస్తున్నాయి. మూడో వరసలో ఒక అణా గుర్తు దగ్గర ఇంకా ఆగిపోతున్నాను.