దమ్ము ఎక్కువైతే పొలం దమ్ము పోతది

యూరియా గురించి అందరూ రాస్తున్నరు, సన్న వడ్ల బోనస్ గురించి అందరూ మాట్లాడుతున్నరు. నేను దమ్ము గురించి రాస్తున్న. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నోళ్లు చివరిదాక చదవండి.

నా మాట ముందే చెప్తున్న. మన పెన్‌పహాడ్ దిక్కు ఎవరిని అడిగినా "పొలం ఎనకటి లెక్క లేదు, ఎంత ఎరువు ఏసినా పట్టుకుంటలేదు" అంటరు. తప్పంతా మందు బస్తా మీద పెడ్తరు. బస్తాది కొంత ఉన్నది, కాదనను. కానీ నేల గుణం చెడేది అంతకంటె ముందే, నాటుకు ముందే. ఏడాదికి రెండు కార్లు, నిండు నీళ్లల్ల, బరువు ట్రాక్టర్‌తోటి మూడు నాలుగు దమ్ములు. ఆ తర్వాత కోతకు పది రోజుల ముందుదాక మడి ఆరకుండ నీళ్లు. ఈ రెండు అలవాట్లు సగానికి తగ్గించవచ్చు, వడ్లు తగ్గవు అని నా నమ్మకం.

దమ్ము వద్దని నేను అంటలేను. దమ్ము ఎందుకు చేస్తం? కలుపు అణగాలె, మడి సాపు కావాలె, నారు సులువుగ దిగాలె, నీళ్లు కిందికి ఇంకకుండ నిలవాలె. నాలుగూ నిజమే. అయితే బురదల ఏం జరుగుతదో చూడండి. మంచి నేల పిడికిట్ల పట్టుకుంటె చిన్న చిన్న గుళికల లెక్క విడిపోతది. ఆ గుళికల నడుమ సందులుంటయి, ఆ సందులల్లనే గాలి, నీళ్లు, వేరు నడుస్తయి. నీళ్లల్ల చక్రాలు తిరిగితె ఆ గుళికలు పగిలి పేస్టు అయితయి. సన్న మట్టి నీళ్లల్ల తేలి, మెల్లగ కిందికి దిగి సందులన్నీ మూసేస్తది. దాని కింద చక్రం బరువు పడ్డ చోట మట్టి అణిగి గట్టి పొర తయారైతది. జానెడు లోతుల, అంటే ఆరు నుంచి పది అంగుళాల కింద ఉంటది.

ఎడ్లతోటి కర్ర నాగలి కట్టి కరిగెట చేసినప్పుడు కూడా ఈ పొర వచ్చేది. కాకపోతె ఎద్దు బరువు ఎంత, ట్రాక్టర్ బరువు ఎంత? యాభై హెచ్‌పీ ట్రాక్టర్ రెండు టన్నులు ఉంటది, మీద కేజీవీల్స్, ఎనక రోటవేటర్. వానాకాలం కోతకు పొలం ఆరదు కాబట్టి చైన్ మిషన్ దిగుతది. ట్యాంకు నిండా వడ్లతోటి అది తడి నేల మీద తిరుగుతది. ఆర్నెల్లకు ఒకసారి ఇదే తంతు.

మీ పొలంల ఈ పొర ఎంత మందం ఉన్నదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కరలేదు. కోత అయిపోయినంక నేల పదును మీద ఉన్నప్పుడు అర అంగుళం ఇనుప చువ్వ తీసుకొని రెండు చేతులతోటి కిందికి ఒత్తండి. జానెడు దాక వెన్నల దిగినట్టు దిగి టక్కున ఆగితె అదే పొర. బలంగ ఒత్తితె దాటి మళ్ల సులువుగ దిగితదా, లేదా? ఎంత లోతుల ఆగింది, ఎంత మందం ఉన్నది, నాలుగు చోట్ల చూసి రాసుకోండి. దారి పక్క మూల, ట్రాక్టర్ మలుపుకునే చోటు తప్పకుండ చూడండి, అక్కడ తేడా తెలుస్తది. తర్వాత గడ్డపారతోటి మూరెడు గుంత తీసి వరి వేర్లు ఎక్కడిదాక పోయినయో చూడండి. చాలా మడుల్ల వేర్లు పొర దాక పోయి, గోడకు తగిలినట్టు అడ్డంగ పాకి ఉంటయి.

అయితే ఒక జాగ్రత్త. ఈ పొర పూర్తిగ శత్రువు కాదు. ఎర్ర చెలక నేలల్ల వరి పండుతున్నదంటె కింద ఆ పొర నీళ్లు ఆపుతున్నది కాబట్టే. ఎవరో వీడియోల చెప్పిండని సబ్‌సాయిలర్ తెచ్చి వరి మడిని లోతుగ చీలిస్తె నీళ్లు బొక్కెనల నుంచి కారినట్టు కారుతయి, బోరు చాలదు. వరి మానేసి కంది, వేరుశనగ, పత్తి ఏసేటోళ్లకైతె అది పనికొస్తది. వరి వేసేటోళ్లం పొరను ఇంకా మందం చేయకుండ, ఇంకా పైకి రాకుండ చూసుకుంటె చాలు.

నేలను బట్టి దమ్ము ఉండాలె. మనం అందరం ఒకే తీరు చేస్తున్నం. రేగడి తడిస్తె దానంతట అదే ఉబ్బి సందులు మూసుకుంటది, దానికి ఒక దమ్ము, పైన చెక్క తోలి చదును చేస్తె సరిపోతది. కానీ మన దగ్గర రేగడిలనే ఎక్కువ దమ్ములు కొట్టిస్తరు, పేస్టు లెక్క అయ్యేదాక. తర్వాత నారు మునిగిపోయిందని, పిలకలు రాలేదని బాధ పడ్తరు. చెలకకు రెండు దమ్ములు కావాలె, దాంట్ల అనుమానం లేదు. నేను చెలకల రెండు, రేగడిల ఒకటి చేయిస్తున్న. ముందు రెండు రోజులు నానబెడ్త, చక్రం తిరిగేటప్పుడు రెండు అంగుళాల కంటె ఎక్కువ నీళ్లు ఉంచను. దమ్ము అయినంక చెలకల ఒక రోజు, రేగడిల రెండు మూడు రోజులు మట్టి పేరుకోనిచ్చి నాటు వేయిస్త.

ట్రాక్టర్ తమ్ముళ్లు కోపం తెచ్చుకోవద్దు. గంట లెక్కన కిరాయి ఉన్నంత కాలం "ఇంకొక చుట్టు ఎయ్యన్నా, మంచిగైతది" అనే మాట వస్తనే ఉంటది. ఎకరం లెక్కన మాట్లాడుకుంటె ఇద్దరికీ మంచిది.

ఇగ నీళ్ల సంగతి. మన మండలంల కొన్ని ఊళ్లకు మూసీ ఎడమ కాలువ, కొన్నిటికి ఎస్సారెస్పీ రెండో దశ కాలువ, మిగిలినోళ్లకు బోర్లు, బావులు. కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు సాగర్ ఎడమ కాలువ. సాగర్ కాలువలకు 1967ల నీళ్లు వదిలినరు, అంటే అక్కడి పొలాలు అరవై ఏండ్లకు దగ్గరగ బురదల నానుతున్నయి. మనకు గోదావరి నీళ్లు వచ్చింది నిన్న మొన్న. వాళ్లు చేసిందంతా మనం ఇంకా తొందరగ చేస్తున్నం. 2024 వానాకాలంల రాష్ట్రంల 66 లక్షల ఎకరాలకు పైగ వరి వేసినం, 153 లక్షల టన్నుల వడ్లు పండినయని సర్కారు లెక్క. సంతోషమే. ఆ లెక్కల నేల ఎంత ఖర్చయిందో మాత్రం ఎవరూ రాయరు.

ఎకరంల ఒక అంగుళం నీళ్లు నిలబెట్టుడంటె లక్ష లీటర్లు. నానబెట్టి దమ్ము చేయడానికే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పోతయి. అంటే నారు మొక్క నేలల పడకముందే ఎకరానికి ఆరు నుంచి ఎనిమిది లక్షల లీటర్లు. ఇంకో దమ్ము ఎక్కువ చేసినప్పుడల్లా దీని మీద ఇంకొంత.

మడిల నీళ్లు నిలిచిన ఒకటి రెండు రోజులకే నేలల గాలి అయిపోతది. వరికి కాండంల నుంచి వేరుకు గాలి పంపే గొట్టాలుంటయి కాబట్టి అది బతుకుతది. కానీ నేలల సూక్ష్మజీవులు మారిపోతయి, మన్నుల ఇనుము కరిగి నీళ్లల్ల కలుస్తది, గంధకం కుళ్లు వాసన గ్యాస్ అయితది, జింకు మొక్కకు అందదు. ఆకుల మీద తుప్పు మచ్చలు, మొక్క గిడస బారుడు మీరందరూ చూసినదే. 1966ల పంత్‌నగర్ యూనివర్సిటీ శాస్త్రవేత్త నేనే గారు అది తెగులు కాదు, జింకు లోపం అని తేల్చిండు. అప్పటి నుంచి మనం జింక్ సల్ఫేట్ ఏస్తనే ఉన్నం. మూడు పంటలకు ఒకసారి ఎకరానికి 20 కిలోలు దమ్ముల ఏయమంటరు, ఏయండి, కాకపోతె డీఏపీతోటి కలపకండి. అయితే జింకు సంచి కొనేటప్పుడు ఒక్క ప్రశ్న ఏసుకోండి: లోపం నేలల ఉన్నదా, నీళ్లల్ల ఉన్నదా? మొక్కను పీకి వేరు చూడండి. తెల్లగ ఉంటె, లేకపోతె లేత గోధుమ రంగుల ఉంటె బాగున్నట్టు. నల్లగ ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తె ముందు నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. దుకాణం ఆ తర్వాత.

ఆరుతడి కొత్త ముచ్చట కాదు. శ్రీ వరి మన రాష్ట్రంలకు 2003ల వచ్చినప్పుడే చెప్పినరు. నాటు కష్టం, కలుపు కష్టం అని మనోళ్లు దాన్ని వదిలిపెట్టినరు. నీళ్ల పద్ధతిని కూడా దాంతోపాటే పారేసినరు, అది నాకు నచ్చలేదు. అది మామూలు నాటుకు కూడా పనికొస్తది. ఫిలిప్పీన్స్‌ల ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిన గొట్టం లెక్క సులువు. అడుగు పొడుగు ప్లాస్టిక్ పైపు తీసుకొని కింద సగానికి బొక్కలు పెట్టి, ఆ సగం నేలల పాతాలె, లోపలి మట్టి తీసేయాలె. మడి పైన నీళ్లు కనపడకపోయినా పైపుల కనపడ్తయి. పైపుల నీళ్లు నేల మట్టం కంటె అర అడుగు కిందికి దిగేదాక మళ్ల పెట్టనక్కరలేదు. నాటిన రెండు వారాల నుంచి మొదలుపెట్టండి. ఈనికకు వారం ముందు నుంచి వారం తర్వాత దాక రెండు అంగుళాల నీళ్లు తప్పకుండ ఉంచండి, అక్కడ పిసినారితనం చేస్తె తాలు గింజలు వస్తయి. రేగడిల ఒక్కటి గుర్తుంచుకోండి: నెర్రెలు వెడల్పుగ బారనీయొద్దు. బారితె తర్వాత పెట్టిన నీళ్లన్నీ ఆ నెర్రెలల్లకే పోతయి, ఆరబెట్టిన లాభం పోతది.

యూరియా చల్లేటప్పుడు కూడా ఇదే పనికొస్తది. నిండు నీళ్లల్ల చల్లితె సగం గాలికి పోతది. నీళ్లు తీసి బురద పదునుల చల్లి ఒకటిన్నర, రెండు రోజులకు నీళ్లు పెట్టండి. 2025 వానాకాలంల యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డం కదా, ఆ బస్తా విలువ ఇప్పుడైనా తెలిసి ఉంటది.

"బోరు ఉన్నోనికి నువ్వు చెప్పింది కుదురుతది, కాలువ కింద ఎట్ల?" అని అడుగుతరు. సరైన ప్రశ్న. నిజం చెప్పాలంటె బోరోళ్లకే సాకు లేదు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు మొత్తుకున్నది. కాలువ రైతుది వేరే బాధ. మళ్ల నీళ్లు ఎప్పుడొస్తయో నమ్మకం లేనోడు వచ్చినప్పుడే నింపుకుంటడు, వాణ్ణి తప్పు పట్టలేం. 2024 యాసంగిల చివరి ఆయకట్టు పొలాలు ఎండుడు మన కండ్లతోటి చూసినం. పైనోడు మడి తొణికేటట్టు నింపుకుంటె కిందోనికి తేమ రాదు. కిందోని వరి వేరు జానెడు లోతుల పొర మీదనే ఉంటె నాలుగు రోజులు కూడా ఆగదు. కొంచెం లోతు పోయిన వేరైతె ఇంకో నాలుగు రోజులు తట్టుకుంటది. ఒక తడి ఆలస్యమైన చోట ఆ నాలుగు రోజులే పంట.

అందుకని ఆరుతడి ఒక్క రైతు పని కాదు, కాలువ మొత్తం పని. ఫిలిప్పీన్స్‌ల బోహోల్ అనే దీవిల చివరి భూములకు నీళ్లు అందక కాలువ శాఖనే ఆరుతడి లెక్కన వంతులు పెట్టింది, కిందోళ్లకు నీళ్లు చేరినయి. మన దగ్గర వారబందీ పెడ్తరు, కానీ తేదీలు ముందు చెప్పరు, చెప్పిన తేదీకి వదలరు. కారు మొదలుకాకముందే తూము వారీగ తేదీలు పంచాయతీ గోడ మీద రాసి, ఆ మాట తప్పకపోతె రైతు తనంతట తానే మడి ఆరబెడ్తడు. అధికారులను నేను అడిగేది ఇదొక్కటే.

కలుపు పెరుగుతది అన్నది కూడా నిజం, దాచను. ఆరుతడిల తుంగ, ఊద ఎక్కువ వస్తయి. మొదటి రెండు వారాలు పలుచగ నీళ్లు నిలిపి, మడి సాపుగ ఉంటె సగం అణుగుతది. మిగిలిన సగానికి కూలీనో మందో కావాలె, ఆ ఖర్చు లెక్కల ఏసుకొనే దిగండి.

చివరిగ యాసంగి కోతకు, వానాకాలం నాటుకు నడుమ ఉన్న రోజులు. మన చివరి ఆయకట్టుకు కాలువ ఎట్లాగూ ఆలస్యంగ వస్తది, ఆ ఆలస్యాన్ని నేల కోసం వాడుకోండి. కొయ్యకాళ్లకు అగ్గి పెట్టొద్దు, టన్ను గడ్డిల పదిహేను కిలోల దాక పొటాష్ ఉంటది. తొలి వానకు పొడి దుక్కి దున్నితె గడ్డి మట్టిల కలిసి కుళ్లుతది, నేలకు గాలి తగులుతది. అదే గడ్డిని నాటు రోజు నీళ్లల్ల తొక్కిస్తె లోపల పులిసి వేరును కాలుస్తది. జూన్ల జీలుగ చల్లండి, ఎకరానికి 12 నుంచి 15 కిలోలు. నలభై ఐదు రోజులకు పూత మీద కలియదున్నితె, అదే మీ మొదటి దమ్ము అయితది. గడ్డిపల్లి కేవీకేల మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కంపసాగర్ పరిశోధన కేంద్రం కూడా దూరం కాదు, వెళ్లి అడగండి.

చువ్వ పరీక్ష చేసినోళ్లు కింద కామెంట్ల మీ ఊరు, చెలకనా రేగడినా, ఎన్ని దమ్ములు చేయిస్తరు, చువ్వ ఎన్ని అంగుళాల దగ్గర ఆగింది, ఈ నాలుగు రాయండి. మన మండలం లెక్క మనమే తీద్దాం.