కోటలోని మౌనము

పనిలేనిదే పట్టణమునకు పోవుట మన పల్లెలవారికి అలవాటు లేదు. గోనెగండ్లనుండి ఎమ్మిగనూరికి పోయినను, ఆదోనికి పోయినను సంతయో, వైద్యమో, కచేరీ పనియో కారణమై యుండును. విద్యార్థులను విహారయాత్రకై చెన్నపట్టణము తీసికొనిపోవు ఉపాధ్యాయులును సముద్రతీరమును, అంగళ్లను చూపి, తలలు లెక్కించుకొని రైలెక్కుదురు. ఆ మహానగరమున అరగంటసేపు మౌనముగా కూర్చుండదగిన చోటొకటి కలదనియు, మన సీమ చరిత్రలోని ఒక ప్రధానపురుషుడు అచ్చటనే నిద్రించుచున్నాడనియు చెప్పువారు అరుదు. అది సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చి.

ఆ కోటలో నేడు తమిళనాడు ప్రభుత్వ సచివాలయమును, శాసనసభయు ఉన్నవి. అర్జీలు చేతబట్టి తిరుగువారు, వాహనముల రొద, కావలి పోలీసులు, వీరందరి నడుమనుండి నడచి చర్చి గడప దాటినంతనే లోకము మారిపోవును. 1678లో పునాది వేయబడి, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగిన కట్టడమిది. గోడలు సుమారు నాలుగడుగుల మందము. పైకప్పునకు కలప వాడక, ఫిరంగిగుండ్లకు తట్టుకొనునట్లు ఇటుకతో కమానుగా కట్టిరి. కనుక అచ్చటి ప్రశాంతి సుకుమారమైనది కాదు. యుద్ధభీతి కట్టించిన గోడలే నేడు వీధిరొదను ఆపుచున్నవి.

ఆవరణలో మన పాదముల క్రింద సమాధిఫలకములు పరచియుండును. కాని వాని క్రింద ఎవరును లేరు. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినపుడు వెలుపలి శ్మశానములోని సమాధులు వారికి చాటైనవి. తరువాత ఆంగ్లేయులు ఆ రాళ్లను పెకలించి తెచ్చి చర్చి చుట్టును పరపించిరి. మృతులొకచోట, పేళ్లొకచోట! చరిత్ర యెట్టిదో బాలురకు బోధింప ఇంతకన్న మంచి పాఠమేమి కావలెను?

లోపల సర్ థామస్ మన్రో సమాధి కలదు. 1800 నుండి 1807 వరకు ఆయన దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. మన ఆదోని సీమయు అందులోనిదే. మద్రాసు గవర్నరుగా పర్యటించుచు, 1827 జూలై 6న మన పొరుగుననున్న పత్తికొండలో కలరాతో మరణించెను. మొదట గుత్తిలో ఖననము చేసి, 1831లో ఆయన అవశేషములను ఈ చర్చికి తరలించిరి.

“మనలను ఏలిన పరాయి కంపెనీ కొలువుకాని సమాధి ముందు మనకేమి పని?” అని కొందరందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి సమాధానము అచ్చట కూర్చుండి ఆలోచించినవారికే దొరకును. రైతుపై భారమైన శిస్తు విధించినది మన్రోయే. దానిని నాల్గవవంతు తగ్గింపుమని 1807లో కంపెనీకి వ్రాసినదియు ఆయనయే. కంపెనీ అప్పుడు వినలేదు. 1820లో ఆయన గవర్నరైన పిదపనే ఆ తగ్గింపు అమలునకు వచ్చెను. అంతవరకు కట్టినది మన రైతు. ఇట్టివానిని మెచ్చుటయా, నిందించుటయా? రైతువారీ పద్ధతిని గూర్చి నాలుగు వాక్యములు వల్లించి మార్కులు తెచ్చుకొను బాలునికి ఈ ప్రశ్న ఎదురుకాదు. తూచి చూచుటకు తీరిక కావలెను, తీరికకు మౌనము కావలెను. ప్రశాంతస్థలమునకు పోవుట లోకమునుండి పారిపోవుటకు కాదు, లోకమును సరిగా చూచుటకని నా అభిప్రాయము.

కావున ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. యాత్రలో ఒక చోటు తగ్గించుకొనుడు, ఒక అరగంట మిగుల్చుడు. పిల్లల సెల్‌ఫోనులు సంచులలో పెట్టించి, ఉపన్యాసము మాని, వారిని ఆ బల్లలపై ఊరక కూర్చుండనిండు. అది నేటికిని ప్రార్థన జరుగు స్థలము. మంత్రాలయమున బృందావనము ముందు, ఆదోని జుమ్మా మసీదులో మనమెంత అణకువతో మెలగుదుమో అచ్చటను అట్లే మెలగవలెను. అన్యమతస్థుల ప్రార్థనాస్థలమున మౌనముగా కూర్చుండ నేర్చుటయు విద్యలో భాగమే.

అట్లు కూర్చుండి వచ్చిన బాలుడు ఇంటికి చేరి, “తాతా, మన చేనికి ఆ రోజులలో శిస్తు ఎంత కట్టిరి?” అని యడిగినచో, ఆ ప్రయాణపు ఖర్చు దండుగ కాలేదని నమ్మవచ్చును.