సముద్రంలో రెండో ఆధారం

చిన్న బోట్లపై వేటకు వెళ్ళే మత్స్యకారుల భద్రత విషయంలో ప్రభుత్వాలు గతంలో కంటె ఎక్కువ శ్రద్ధ చూపుతున్న మాట వాస్తవం. 2017 నవంబరు చివరలో విరుచుకుపడిన ఓఖీ తుపాను కేరళ, కన్యాకుమారి తీరాలలో ఎన్నో కుటుంబాలను దిక్కులేనివిగా మిగిల్చిన తరువాత, వేటలో ఉన్న బోటుకు వర్తమానం అందించే ఏర్పాట్లపై అందరి దృష్టి మళ్ళింది. లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ పథకాన్ని 364 కోట్ల రూపాయల అంచనాతో 2024 ఆగస్టులో కేంద్రం ప్రారంభించింది. ఆపదలో ఉన్నామని తీరానికి తెలియజేసే సాధనం ఆ విధంగా అందుబాటులోకి వస్తోంది. తోడు వచ్చేవరకు ఆగకుండా బోటు తనంతట తాను ఒడ్డుకు చేరే సాధనం సంగతి మాత్రం ఎవరికీ పట్టినట్లు లేదు. ఆ సాధనం ఒక చిన్న అదనపు మోటారు.

వెనుకటి తెప్పలకు, నాటు పడవలకు రెండో ఆధారం పుట్టుకతోనే ఉండేది. గాలి పడిపోతే తెడ్డు, చేతులు అలసిపోతే తెరచాప. ఏడో పంచవర్ష ప్రణాళిక కాలం నుంచి సంప్రదాయ పడవలకు మోటార్లు అమర్చుకునేందుకు కేంద్రం సబ్సిడీ ఇవ్వడం, 2004 సునామీ అనంతరం సహాయ కార్యక్రమాల కింద ఫైబర్ బోట్లు పెద్ద సంఖ్యలో తీరానికి చేరడం పరిస్థితిని మార్చివేశాయి. వేట దూరం పెరిగింది, శ్రమ తగ్గింది. ఆ మేరకు ఇవి స్వాగతించదగిన మార్పులే. కాని తెరచాప అటకెక్కింది. వలలు, ఐసు పెట్టెలతో నిండిన 28 అడుగుల ఫైబర్ బోటును నడిసంద్రం నుంచి తెడ్లతో ఒడ్డుకు తేవడం మానవమాత్రులకు సాధ్యం కాదు. నలుగురైదుగురి ప్రాణాలు ఇప్పుడు ఒకే ఒక యంత్రం మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ యంత్రం ఆగిపోవడానికి పెద్ద ప్రమాదమే జరగనక్కరలేదు. ఇంధనంలో నీరు కలిసినా, ప్లగ్గు తడిసినా, ప్రొపెల్లరుకు వల చుట్టుకున్నా చాలు. గంటకు ఒకటిన్నర నాటికల్ మైళ్ళ ప్రవాహంలో చిక్కుకున్న బోటు పది గంటల రాత్రిలో 15 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 28 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. ధనుష్కోటికి, అవతల శ్రీలంకలోని తలైమన్నారుకు మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లే. తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యంగా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణంగా సాగుతుంది. మోటారు ఆగిన బోటు ఎటు పోవాలో నిర్ణయించేది దానిని నడిపేవాడు కాదు, ఆ ఋతువు.

సరిహద్దు దగ్గరగా ఉన్న జలాల్లో యంత్ర లోపం కాస్తా దౌత్య సమస్యగా మారుతుంది. ఆపదలో చిక్కిన నౌక పరదేశపు జలాల్లో ఆగవలసి రావడాన్ని, దానిని ఆదుకోవలసిన బాధ్యతను 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందం గుర్తించింది. అయినా సరిహద్దు దాటిన బోటు ఏ కారణంగా దాటిందో గస్తీ నౌక ముందు నిరూపించుకోవడం పేద మత్స్యకారునికి తేలిక కాదు. గుజరాత్ బోట్లలో కూలికి వెళ్ళి 2018 చివరలో పాకిస్థాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏటా జనవరి 1న, జూలై 1న ఉభయ దేశాలు ఇచ్చిపుచ్చుకునే ఖైదీల జాబితాల్లో మత్స్యకారుల పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో మోటారు ఈ సమస్యలన్నిటికీ మందు కాదు. అయితే ప్రవాహం ఈడ్చుకుపోగా సరిహద్దు దాటే బోట్లనైనా అది తగ్గించగలదు.

ఈ మోటారు ఎంత శక్తి కలిగి ఉండాలన్నది ముఖ్యమైన ప్రశ్న. నీటిని చీల్చుకుంటూ మెల్లగా సాగే బోటు వేగాన్ని సగానికి తగ్గిస్తే, అందుకు కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కనుక అదనపు మోటారు ప్రధాన మోటారుతో పోటీ పడవలసిన అవసరం లేదు. 28 అడుగుల ఫైబర్ బోటుకు 8 నుంచి 10 అశ్వశక్తుల మోటారు, అంతకంటె చిన్న తెప్పకు 4 లేదా 5 అశ్వశక్తులది సాధారణంగా సరిపోతాయి. గంటకు నాలుగు నాటికల్ మైళ్ళ వేగం దక్కినా, పది మైళ్ళ దూరంలో ఉన్న బోటు రెండున్నర గంటల్లో తీరం చేరుతుంది. ఎదురుగాలిలో మరికొంత ఆలస్యం కావచ్చు.

అశ్వశక్తి కంటె నిశితంగా చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. బరువైన బోటును నెట్టడానికి వేగం కోసం తయారైన ప్రొపెల్లరు పనికిరాదు. వ్యాసం ఎక్కువగా, రెక్కల వాలు తక్కువగా ఉన్నది కావాలి. షాఫ్టు పొడవు బోటు వెనుక పలక ఎత్తుకు సరిపడాలి. 20 అంగుళాల షాఫ్టు అవసరమైన చోట 15 అంగుళాలది బిగిస్తే, అల లేచినప్పుడల్లా ప్రొపెల్లరు గాలిలో తిరుగుతుంది. మోటారు ఒక మనిషి ఎత్తి బిగించగల బరువులో ఉండాలి. బ్యాటరీతో పని లేకుండా తాడు లాగితే రాజుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, దాని ఇంధనం వేరే డబ్బాలో ఉండాలి. కల్తీ కిరోసిన్‌తో ఆగిన మొదటి మోటారు పక్కన, అదే టాంకు నుంచి తాగే రెండో మోటారు ఉన్నా లేనట్లే.

పాతబడిన పెద్ద మోటారునే ఆపద్ధర్మంగా బోటులో పడవేసుకోవడం పొదుపుగా తోచవచ్చు. మామూలు రోజుల్లోనే మొరాయించినందున పక్కన పెట్టిన యంత్రం తుపాను గాలిలో పనిచేస్తుందని ఆశించడం ఆత్మవంచన. కొత్తదైనా వారానికొకసారి నడిపి, మంచినీటితో కడిగి ఉంచకపోతే ఉప్పు దానిని తినివేస్తుంది. తిరువనంతపురం జిల్లాలోని ముతలప్పొళి వంటి ప్రమాదకరమైన మొగల్లో అలలకు బోట్లు తిరగబడి ఎందరో మరణించారు. అటువంటి చోట ప్రధాన మోటారు ఆగితే, మరొక దానిని వెతికి బిగించే వ్యవధి ఉండదు. మొగ దాటక ముందే రెండో మోటారును నీటిలోకి దించి సిద్ధంగా ఉంచుకోవడం వివేకం.

ఖర్చు మాటేమిటన్న ప్రశ్న సహజం. చేపల ధర దళారీ చేతిలో, ఇంధనం ధర మార్కెట్ చేతిలో ఉన్న కుటుంబానికి రెండో మోటారు కొనమని సలహా చెప్పడం సులువు, కొనడం కష్టం. ప్రభుత్వం కలుగజేసుకోవలసింది ఇక్కడే. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మత్స్యకారుల రక్షణ సామగ్రికి సహాయం అందించే పద్ధతిని నెలకొల్పింది. లైఫ్ జాకెట్టు సరసన చిన్న మోటారుకు కూడా రక్షణ సామగ్రిగా స్పష్టమైన స్థానం కల్పించడం సముచితం. సబ్సిడీతో పాటు రేవులలో మరమ్మతు శిక్షణ, విడి భాగాల సరఫరా ఉంటేనే ఆ సొమ్ముకు ప్రయోజనం దక్కుతుంది. అదనపు మోటారు ఉన్నదన్న ధైర్యంతో మరింత దూరం పోకూడదని మత్స్యకార సంఘాలు తమ సభ్యులకు నచ్చజెప్పాలి.

ఆపద కబురు అందుకుని కోస్ట్ గార్డ్ ఓడ బయలుదేరినా, చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటలలో బోటును ప్రవాహానికి వదిలివేయాలా, తీరం వైపు నడిపించాలా అన్నది పది అశ్వశక్తులకు మించని యంత్రంపై ఆధారపడి ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధ కాలం బోట్లను, మోటార్లను తనిఖీ చేసుకునేందుకు అనువైన సమయం. రెండో మోటారు విషయంలో ఒక నిర్ణయానికి రావడానికి ప్రభుత్వాలు కూడా ఆ అరవై ఒక్క రోజులను వినియోగించుకోవడం మంచిది.